వేలు పెట్టి చూపించండి: క్లాట్ పాసేజీలు చదవడం ఎలా సాధన చేయాలి

నిరుడు ఆదోని నుంచి ఒక అమ్మాయి కర్నూలుకు వచ్చి నా దగ్గర చేరింది. ఇంటర్ రెండో ఏడాది, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలని పట్టుదల. మాక్ టెస్టు పేపరు బల్ల మీద పెట్టి, "చదివితే అంతా అర్థమైతాంది సార్. ఆన్సరే తప్పు పోతాంది" అంది. ఆమె తప్పు చేసిన ఒక ప్రశ్న తీసి, "నువ్వు పెట్టిన ఈ ఆన్సరు పాసేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా" అన్నాను. రెండు నిమిషాలు వెతికింది. "ఎక్కడా లేదు సార్. కానీ అది నిజమే కదా?" అంది.

ఆ "నిజమే కదా" దగ్గరే మార్కులు పోతాయి. మన పిల్లలు చాలామంది తమ కష్టానికి "ఇంగ్లీషు రాదు" అని పేరు పెట్టుకుంటారు. ఇంగ్లీషు కొంత కారణమే, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువ తప్పులు పాసేజీలో లేనిదాన్ని మనమే తెచ్చి కలపడం వల్ల వస్తున్నాయి. ఈ రెండు జబ్బులకూ మందు వేరు. అందుకే సాధన కూడా వేరువేరుగా చేయాలి.

ముందు పరీక్ష లెక్క చూసుకోండి

క్లాట్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. సరైన జవాబుకు 1 మార్కు, తప్పు జవాబుకు 0.25 కోత. ఇంగ్లీషు 22 నుంచి 26 ప్రశ్నలు, కరెంట్ అఫైర్స్‌తో కలిపి జనరల్ నాలెడ్జి 28 నుంచి 32, లీగల్ రీజనింగ్ 28 నుంచి 32, లాజికల్ రీజనింగ్ 22 నుంచి 26, లెక్కలు 10 నుంచి 14. అన్నిటికీ ముందు ఏదో ఒకటి చదవాలి, తర్వాతే ప్రశ్నలు. ఆఖరికి లెక్కలకు కూడా చిన్న పేరా లాంటిదో పట్టిక లాంటిదో ఇచ్చి దాని కిందే అడుగుతారు.

అంటే కాంప్రహెన్షన్, చదివి అర్థం చేసుకోవడం, అనేది ఇంగ్లీషు సెక్షన్ ఒక్కదానికే సంబంధించింది అనుకోవడం పొరపాటు. ఇంగ్లీషు, లీగల్, లాజికల్ మూడూ కలిపితే 72 నుంచి 84 ప్రశ్నలు. ఇవన్నీ చదివి తేల్చాల్సినవే. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు గైడు పట్టుకుని బట్టీ కొట్టినట్టు దీన్ని కొట్టలేరు.

పాసేజీ సుమారు 450 పదాలు ఉంటుంది. పన్నెండో తరగతి విద్యార్థి 5 నుంచి 7 నిమిషాల్లో చదవగలిగే స్థాయిలో ఇస్తామని పరీక్ష పెట్టే కన్సార్షియం చెబుతుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ అంత తీరిక హాల్లో ఉండదు. జనరల్ నాలెడ్జికి 12 నిమిషాలు, లెక్కలకు 16 నిమిషాలు తీసేయండి. మిగిలింది 92 నిమిషాలు. పాసేజీకి ఐదు ప్రశ్నల చొప్పున వేసుకుంటే ఆ మూడు సెక్షన్లకు పదహారు, పదిహేడు పాసేజీల దాకా వస్తాయి. ఒక్కోదానికి ఐదున్నర నిమిషాలు మాత్రమే, అదీ ప్రశ్నలతో కలిపి. చదవడానికి 3 నిమిషాలు పెట్టుకుంటే నిమిషానికి 150 పదాలు చదవాలి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కానీ మొదటి రోజే గడియారం ముందు కూర్చోకండి.

మొదటి పది రోజులు తెలుగులోనే

ఇది చెప్పగానే పిల్లలు నా వైపు అదోలా చూస్తారు. ఇంగ్లీషు పరీక్షకు తెలుగు చదవమంటాడేమి అని. కారణం ఉంది. మీకు పుట్టుకతో వచ్చిన భాషలో కూడా అదే తప్పు చేస్తున్నారా లేదా అన్నది ముందు తేలాలి. తెలుగులో తప్పు పెడితే ఆ తప్పు ఇంగ్లీషుది కాదని తేలిపోతుంది.

కింది పేరా నేను పిల్లల కోసం రాసుకున్నది. ఒక్కసారి నిదానంగా చదవండి.

"తొలకరి వాన పడిన మర్నాటి నుంచి జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో మనుషులు తలలు వంచుకుని నడుస్తూ కనిపిస్తారు. వాన పైమట్టిని కడిగి రాళ్లను బయటపెడుతుంది కాబట్టి వజ్రం దొరకడానికి అదే అదనని వాళ్ల నమ్మకం. దొరికినవాళ్ల కథలు ఊరూరా తిరుగుతాయి. దొరకనివాళ్ల కథలు ఎవరూ చెప్పుకోరు. కూలి మానుకుని వచ్చి, చెట్ల కింద వండుకుని తిని, ఉత్త చేతులతో వెనక్కి పోయినవాళ్ల లెక్క ఏ కాగితం మీదా ఉండదు. అయినా దీన్ని వట్టి పిచ్చి అని కొట్టిపారేయడం తొందరపాటే. విత్తనం వేసి మబ్బు వైపు చూసే రైతు కూడా కొంతవరకు ఇలాంటి పందెమే కాస్తున్నాడు. రైతు పందెం ఓడితే కరువు అంటాం. వీళ్లు ఓడితే అత్యాశ అంటాం."

మొదటి ప్రశ్న: రచయిత ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఏమిటి?

అ) వజ్రాల వేట వల్ల కూలీలు నష్టపోతున్నారు కాబట్టి దాన్ని ఆపాలి.
ఆ) ఒకే రకమైన పందేన్ని మనం రెండు కొలతలతో చూస్తున్నాం.
ఇ) వాన పడ్డాక వజ్రాలు వెతకడం సులభం.
ఈ) సేద్యం జూదంగా మారిందని ఇక్కడి రైతులందరూ అనుకుంటున్నారు.

నా దగ్గర చాలామంది "అ" పెడతారు. ఎందుకంటే అది మంచి మాట. నష్టం గురించి పేరాలో ఉంది కూడా. కానీ "ఆపాలి" అని ఎక్కడుంది? వేలు పెట్టడానికి చోటు లేదు. పైగా "కొట్టిపారేయడం తొందరపాటే" అన్న వాక్యం దానికి ఎదురు నిలబడుతుంది. "ఇ" పేరాలో ఉన్నట్టే ఉంది, కానీ అది వెతికేవాళ్ల "నమ్మకం". రచయిత మాట అని ఎక్కడా లేదు. ఒకవేళ ఆయన మాటే అయినా పేరా అంతా రాసింది ఆ సంగతి చెప్పడానికి కాదు. "ఈ"లో రెండు తప్పులు. సేద్యాన్ని పందెంతో పోల్చింది రచయిత, రైతులు కాదు. "అందరూ" అన్నది మనకై మనం కలిపింది. ఇక మిగిలింది "ఆ". దాని ఆధారం ఆఖరి రెండు వాక్యాల్లో ఉంది.

రెండో ప్రశ్న: "దొరకనివాళ్ల కథలు ఎవరూ చెప్పుకోరు" అన్న మాట నుంచి ఏమి ఊహించవచ్చు?

అ) వజ్రాలు ఎవరికీ దొరకడం లేదు.
ఆ) దొరకనివాళ్లు సిగ్గుపడి దాచుకుంటున్నారు.
ఇ) దొరికే అవకాశం ఉన్నదానికంటే ఎక్కువని జనానికి అనిపించవచ్చు.
ఈ) దొరికినవాళ్లు చెప్పే కథలు అబద్ధాలు.

ఇక్కడ "ఆ" చాలా తియ్యగా పిలుస్తుంది. సిగ్గుపడి ఉండొచ్చు కూడా, మనుషులు అంతే కదా. కానీ ఎందుకు చెప్పుకోరో పేరా చెప్పలేదు. సిగ్గు మన ఇంటి నుంచి తెచ్చుకున్నది. "ఇ" మాత్రం పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలను కలిపితే దానంతట అదే వస్తుంది: గెలిచినవి మాత్రమే వినపడితే, గెలుపే ఎక్కువని అనిపిస్తుంది. పైగా "అనిపించవచ్చు" అన్న మెత్తటి మాట చూడండి. ఇన్‌ఫరెన్స్ (ఊహించి తేల్చే) ప్రశ్నల్లో సరైన జవాబు చాలాసార్లు ఇలా జాగ్రత్తగా, కాస్త పిరికిగా మాట్లాడుతుంది. గట్టిగా అరిచే ఆప్షన్‌ను రెండుసార్లు అనుమానించండి.

మూడో ప్రశ్నగా రచయిత ధోరణి అడుగుతాను: వెక్కిరింపు, కోపం, సానుభూతితో కూడిన ఆలోచన, పొగడ్త. ఆఖరి వాక్యంలో కాస్త చురక ఉంది కాబట్టి కొందరు వెక్కిరింపు అంటారు. చురక ఎవరికి తగులుతోందో చూడండి. వెతికేవాళ్లకు కాదు, పేర్లు పెట్టే మనకు. ధోరణి ప్రశ్నల్లో ముందు తేల్చుకోవాల్సింది ఆ ధోరణి ఎవరి మీద అన్నదే.

ఇలా పది రోజులు రోజూ ఒక తెలుగు సంపాదకీయం తీసుకోండి. చదివి, మీరే మూడు ప్రశ్నలు తయారుచేయండి. ఒక్కో ప్రశ్నకు ఒక సరైన జవాబు, మూడు తప్పు జవాబులు రాయండి. సరైనది రాయడం సులభం. నమ్మించే తప్పు రాయడం కష్టం, అసలు చదువు అక్కడే జరుగుతుంది. ఒకసారి మీరే ఉచ్చు పన్నడం నేర్చుకుంటే, వేరేవాళ్లు పన్నింది దూరం నుంచే కనిపిస్తుంది. తోడుకు ఇంకో మనిషి ఉంటే పేపర్లు మార్చుకోండి. లేకపోతే మూడు రోజులు పక్కన పెట్టి మీదే మీరు రాయండి.

ఇంగ్లీషు వాక్యం తిరగేసి ఉంటుంది

ఇప్పుడు రెండో జబ్బు, భాష. దీని గురించి ఎవరిని అడిగినా "పేపరు చదువు, అదే వస్తుంది" అంటారు. వస్తుంది, కానీ ఎక్కడ తట్టుకుంటున్నామో తెలిస్తే త్వరగా వస్తుంది.

మనం "నిన్న ఆదోని నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు" అంటాం. సంగతులన్నీ ముందు, మనిషి చివర్లో. ఇంగ్లీషులో మేనత్త కొడుకు ముందే వచ్చి నిలబడతాడు. తర్వాత "హూ" అని మొదలుపెట్టి ఎక్కడి నుంచి, ఎప్పుడు అన్నవి చెబుతారు. మనం లోపల తెలుగు చేసుకుంటూ చదువుతాం కాబట్టి వాక్యం చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, అప్పుడు అర్థం కూర్చుకుంటాం. చిన్న వాక్యమైతే ఏమీ కాదు. నాలుగు లైన్ల వాక్యంలో ఇలా మూడుసార్లు తిరిగితే ఊపిరాడదు. నెమ్మదిగా చదువుతున్నామని అనుకుంటాం గానీ, ఒకే దారిలో రెండుసార్లు నడుస్తున్నాం.

దీనికి పెన్సిల్ చాలు. "హూ", "విచ్", "దట్", "వేర్" కనపడగానే అక్కడ బ్రాకెట్ తెరవండి, ఆ ముక్క అయిపోయిన చోట మూయండి. మొదటిసారి బ్రాకెట్ బయట ఉన్నదే చదవండి: ఎవరు, ఏం చేశారు. రెండోసారి లోపలిది. "దట్" ప్రతిసారీ బ్రాకెట్ అడగదు. "ది కోర్ట్ సెడ్ దట్" అన్నప్పుడు "అని" అనుకుని ముందుకు పోవాలి. రోజుకు పది పెద్ద వాక్యాల మీద ఈ పని చేయండి, మూడు వారాలు. కోర్టు తీర్పుల మీద ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే వార్తలు దీనికి బాగా పనికొస్తాయి. వాటిలో వాక్యాలు కావలసినంత పొడవు ఉంటాయి. నాలుగో వారానికి పెన్సిల్ లేకుండానే కన్ను బ్రాకెట్లు పెట్టడం మొదలుపెడుతుంది.

కొన్ని మాటలు చిన్నవే కానీ వాక్యాన్ని తలకిందులు చేస్తాయి. వీటిని కార్డు మీద రాసుకుని గోడకు అంటించండి. "అన్‌లెస్" అంటే "అయితే తప్ప". "హార్డ్‌లీ", "సెల్డమ్" రెండూ "దాదాపు లేదు" వైపు లాగుతాయి. "ఫార్ ఫ్రమ్" అంటే దూరం గురించి కాదు, "అస్సలు కాదు" అని. "ప్రొవైడెడ్ దట్" వస్తే "అనే షరతు మీద" అనుకోండి. "నాట్‌విత్‌స్టాండింగ్" అంటే "ఇంకేమున్నా సరే". చట్టం భాషలో "షల్" అంటే చేసి తీరాలి, "మే" అంటే చేయవచ్చు. ఈ ఒక్క తేడా మీదే లీగల్ ప్రశ్న నిలబడిపోయే సందర్భాలు ఉంటాయి.

"బట్", "హౌఎవర్", "యెట్", "ఆల్దో" కనపడితే గుండ్రంగా చుట్టండి. రచయిత అసలు అభిప్రాయం చాలావరకు ఆ మలుపు తర్వాతే ఉంటుంది. మన వజ్రాల పేరాలో "అయినా" చేసిన పని అదే.

మాటల పట్టిక మీద నా చేదు అనుభవం

నేను చదివింది తెలుగు మీడియం. ఒక ప్రవేశ పరీక్షకు తయారయ్యేటప్పుడు, నేను చేరిన కోచింగ్ వాళ్లు లావాటి మాటల పుస్తకం చేతికిచ్చి రోజుకు ముప్పై మాటలు కంఠతా పట్టమన్నారు. నాలుగు నెలలు పట్టాను. కొండారెడ్డి బురుజు దగ్గర బెంచీ మీద కూర్చుని గొణుక్కుంటూ ఉంటే చూసినవాళ్లు మంత్రాలనుకున్నారేమో. పరీక్షలో ఆ మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చాయి. వచ్చినవాటిలో కూడా నేను పట్టిన అర్థం ఒకటి, అక్కడ వాడింది ఇంకొకటి.

అందుకే పట్టికలు వద్దంటాను. తెలియని మాట వస్తే డిక్షనరీ తీయకముందు, ఆ మాట మంచి వైపు ఉందా చెడు వైపు ఉందా అని ముందువెనక వాక్యాలను బట్టి ఊహించి మార్జిన్‌లో ప్లస్సో మైనస్సో పెట్టండి. పాసేజీ అంతా అయ్యాకే డిక్షనరీ. మీ ఊహ సరైందో కాదో చూసుకుని, మాటను అది వచ్చిన వాక్యంతో సహా నోట్సులో రాయండి. రోజుకు ఐదు చాలు. పరీక్షలో మాట అర్థం అడిగినా "ఈ పాసేజీలో వాడిన అర్థం" అనే అడుగుతారు.

మార్జిన్‌లో తెలుగు మాటలు

క్లాట్ కాగితం మీద రాసే పరీక్ష, జవాబులు ఓఎంఆర్ షీటులోని గుండ్రాల్లో పెన్నుతో నింపాలి. ప్రశ్నపత్రం మీద గీతలు గీసుకుంటూ చదివే అలవాటు ఇంటి దగ్గరే చేసుకోండి. ఫోను తెర మీద పాసేజీలు చదివి సాధన చేసేవాళ్లు హాల్లో కాగితం పట్టుకుంటే తికమక పడటం చూశాను. ప్రింటు తీయించండి. జిరాక్సు షాపు ఖర్చు దండగ కాదు.

ప్రతి పేరా పక్కన రెండు మూడు మాటలు రాయండి. "పాత వాదన", "దానికి జవాబు", "ఉదాహరణే", "రచయిత మాట". తెలుగులోనే రాయండి, అక్కడ ఇంగ్లీషు ఎందుకు? ప్రశ్న వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో ఈ మాటలు చెబుతాయి. అన్నీ అండర్‌లైన్ చేసేవాళ్లు ఉంటారు. పేజీ అంతా గీతలుంటే ఏ గీతా లేనట్టే. పాసేజీకి నాలుగు గీతలకు మించనివ్వకండి.

ముందు ప్రశ్నలు చదవాలా, ముందు పాసేజీ చదవాలా అని ప్రతి ఏడాదీ అడుగుతారు. ఇంగ్లీషు, లీగల్, లాజికల్‌కు ముందు పాసేజీయే. ప్రశ్నలు ముందు చదివితే కన్ను వాటి కోసమే వేటాడుతుంది, మొత్తం వాదన జారిపోతుంది. జనరల్ నాలెడ్జికి మాత్రం నేరుగా ప్రశ్నకు వెళ్లండి. అక్కడ జవాబు చాలాసార్లు పాసేజీ బయట, మీరు చదివిన వార్తల్లో ఉంటుంది. తెలిస్తే పెట్టండి, తెలియకపోతే పాసేజీ చదివినా సాధారణంగా లాభం ఉండదు.

లీగల్ పాసేజీలో మీ మనసును గడప బయట పెట్టండి

ఇక్కడ మంచి మనసున్న పిల్లలే ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు. ఒక ఉదాహరణ కల్పిస్తాను. పాసేజీలో ఇచ్చిన సూత్రం: "పశువు పొగరుబోతుదని యజమానికి ముందే తెలిసి ఉంటేనే, అది చేసిన హానికి అతను బాధ్యుడు." కథ: ఒక రైతు సంతలో ఎద్దు కొన్నాడు. అది కుమ్ముతుందని అమ్మినవాడు చెప్పలేదు. ఇంటికి తోలుకుపోతుంటే దారిలో ఒక ముసలాయన్ని కుమ్మింది. కొన్న రైతు బాధ్యుడా?

"పాపం ముసలాయన, ఆసుపత్రి ఖర్చులైనా ఇవ్వాలి గదా సార్" అంటారు. ఇవ్వాలి, మన ఊళ్లో పంచాయితీ పెడితే ఇప్పిస్తారు కూడా. కానీ పాసేజీ సూత్రం ప్రకారం రైతుకు ముందే తెలియదు, కాబట్టి బాధ్యుడు కాడు. మరి అమ్మినవాడు బాధ్యుడా? అతనికి తెలుసు, కానీ కుమ్మిన సమయానికి యజమాని అతను కాదు. సూత్రం యజమాని గురించే మాట్లాడుతోంది. వాడిది మోసం కాదా అని అడగాలనిపిస్తుంది. మోసం గురించి పాసేజీ ఏమీ చెప్పకపోతే మనమూ చెప్పకూడదు. వార్తల్లో చదివిన అసలు చట్టం వేరేలా ఉందని తెలిసినా సరే, ఆ రెండు గంటలు పాసేజీలో ఉన్నదే చట్టం.

సాధన ఇలా: సూత్రాన్ని షరతులుగా విడగొట్టండి. పై సూత్రంలో రెండున్నాయి, యజమాని అయి ఉండాలి, ముందే తెలిసి ఉండాలి. కథను ఒక్కో షరతుకూ ఆనించి చూసి టిక్కో ఇంటూనో పెట్టండి. తర్వాత కథలో ఒక్క సంగతి మార్చండి. దారిలో ఎవరో "ఏమయ్యా, ఇది పోయిన నెల ఒకణ్ని కుమ్మిందే" అని రైతుతో అన్నారనుకోండి. ఇప్పుడు జవాబు తిరగబడుతుంది. పాసేజీకి ఇలాంటి రెండు మార్పులు మీరే చేసి చూసుకుంటే, పది పాసేజీలు గబగబా చదివినదానికంటే ఎక్కువ ఒంటబడుతుంది.

తప్పుల నోటు

ఏ ఒక్క పని మానేసినా ఇది మానకండి. రెండు వందల పేజీల నోటు కొనండి. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ మూడు సంగతులు రాయాలి: నేను పెట్టింది ఎందుకు నచ్చింది, సరైనదానికి ఆధారం ఎన్నో లైనులో ఉంది, నా తప్పు ఏ రకం. రకాలకు నేను పెట్టిన పేర్లు ఇవి, కావాలంటే మీరు మార్చుకోండి. "బయటి సరుకు": పాసేజీలో లేనిది తెచ్చాను. "ఎక్కువైంది": కొందరు అంటే అందరూ అని చదివాను. "సగం నిజం": ఆప్షన్ మొదటి సగం చూసి పెట్టేశాను. "ఎవరి మాట": వేరేవాళ్ల అభిప్రాయాన్ని రచయితకు అంటగట్టాను. "ప్రశ్నే చదవలేదు": "నాట్", "ఎక్సెప్ట్" చూడలేదు. "మాట రాదు": నిజంగానే ఇంగ్లీషు మాట తెలియలేదు.

సరైన జవాబు చూసి "ఓహో, అవును కదా" అని పేజీ తిప్పేయడం సాధన కాదు. పాసేజీ చేయడానికి ఆరు నిమిషాలు పడితే, తప్పులు విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. ఊహించి పెడితే కలిసొచ్చిన ప్రశ్నలను కూడా నోటులో ఎక్కించండి, అవి అప్పులాంటివి. ఆ ఆదోని అమ్మాయి నోటులో నెల తిరిగేసరికి "మాట రాదు" కింద నాలుగే ఉన్నాయి. "బయటి సరుకు" కింద పేజీ నిండింది. అది చూసుకున్న రోజు ఆమె "నాకు ఇంగ్లీషు రాదు" అనడం మానేసింది.

గడియారం ఎప్పుడు తీయాలి

ఇంగ్లీషు పాసేజీలు మొదలుపెట్టాక ఒక నెల టైము చూడొద్దు. ఐదింటికి నాలుగు సరిగ్గా రావడం అలవాటయ్యాక గడియారం తీయండి. మొదట పాసేజీకి ఎనిమిది నిమిషాలు, వారం వారం అర నిమిషం తగ్గించండి. ఐదున్నర దగ్గర ఆగండి. అంతకంటే వేగం పెంచితే తప్పులు పెరుగుతాయా లేదా మీ నోటే చెబుతుంది.

ఇంకో సంగతి. ఈ మధ్య ఏళ్లలో క్లాట్ డిసెంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా జరుగుతోంది. మధ్యాహ్నం రెండింటికి మన ఒళ్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాగి సంగటి, పప్పు తిని కూర్చుంటే పాసేజీలో రచయిత ధోరణి కాదు గదా, మన ధోరణే తెలియదు. పొద్దున ఐదింటికి లేచి మాక్ టెస్టులు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు అసలు పరీక్షలో జారిపోయేది ఇందుకే. వారానికి ఒక్క మాక్ అయినా ఆదివారం రెండింటికే రాయండి. తినేది తేలిగ్గా తినండి. కర్నూలు ఎండాకాలంలో అలా అలవాటు చేసుకుంటే డిసెంబరులో హాయిగా ఉంటుంది.

చదవడానికి ఏం తీసుకోవాలంటే, కన్సార్షియం వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ముందు అవే, తర్వాతే మార్కెట్లో అమ్మేవి. 2020 నుంచి పరీక్ష పూర్తిగా పాసేజీల మీదికి మారింది కాబట్టి అంతకుముందువి పక్కన పెట్టండి. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం ఉండాలి. పత్రిక కొనలేకపోతే జిల్లా గ్రంథాలయానికి వెళ్లండి. అక్కడ ఫోను జేబులోంచి తీయకుండా గంట కూర్చోవడం కూడా సాధనలో భాగమే. వార్తలే కాకుండా అప్పుడప్పుడు కథలు కూడా చదవండి, ఇంగ్లీషు సెక్షన్‌లో కథల నుంచి కూడా పాసేజీలు ఇస్తారు.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయాలనుకునేవాళ్లకు కూడా ఈ పద్ధతి అంతా పనికొస్తుంది. అక్కడ పాసేజీలు ఇంకా ఎండుగా ఉంటాయి, కంప్యూటరు తెర మీద చదవాలి, ఆప్షన్లు ఇచ్చిన ప్రశ్నలకు సరైనదానికి 3 మార్కులు, తప్పుకు 1 కోత.

ఇంట్లో "ఇంజనీరింగు వదిలేసి లాయరు చదువేంది" అని గొడవ ఉంటే, విశాఖపట్నంలో ఉన్న మన రాష్ట్ర లా యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో చెప్పండి. దామోదరం సంజీవయ్య. కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టి, లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయిన మనిషి. నా దగ్గర చదివే పిల్లాడొకడు ఈ మాటతోనే వాళ్ల నాయనను ఒప్పించాడు.

హాల్లో

ఒక పాసేజీ ఐదు ప్రశ్నలు అయిన వెంటనే ఆ ఐదింటికీ ఓఎంఆర్ నింపండి. అన్నీ చివర్లో నింపుదామని పెట్టుకుంటే ఒక్క వరుస జారినా కిందవన్నీ జారతాయి, పెన్ను గీత చెరగదు.

రెండు ఆప్షన్లు కొట్టేయగలిగి, మిగిలిన రెండింటి మధ్య ఊగుతుంటే పెట్టేయండి. అలాంటివి నాలుగు పెట్టి రెండు తగిలినా 2 మార్కులు వస్తాయి, అర మార్కు పోతుంది. కానీ ముందు ఆ రెండింటి మీదా వేలు పరీక్ష చేయండి. ఏ ఆప్షన్‌కు పాసేజీలో లైను దొరికితే దానికే ఓటు, ఎంత అందంగా ఉన్నా రెండోదానికి వద్దు.

మొదటి పేరా రెండుసార్లు చదివినా తలకెక్కని పాసేజీ ఒకటైనా వస్తుంది. దాని పక్కన చుక్క పెట్టి తర్వాతిదానికి వెళ్లండి. చివర్లో ఏడెనిమిది నిమిషాలు మిగిలితే వెనక్కి వచ్చి, పాసేజీ అంతా చదవకుండా మాట అర్థం అడిగిన ప్రశ్న, ఫలానా లైను గురించి అడిగిన ప్రశ్న ముందు చేయండి. వాటికి ముందూ వెనకా రెండు వాక్యాలు చదివితే చాలు.